ఒంటి కమ్మల డబ్బా

ఇంటర్వెల్ అయి లైట్లు ఆరగానే మూకీ కళ్ళు బొమ్మ మీదికి పోలేదు, తెరకి కుడిచేతి పై మూలకి పోయాయి. నలభై రెండేళ్ళ అలవాటు. ఆ మూల గుండ్రంగా ఒక చుక్క పడితే ఈ రీలు అయిపోవచ్చింది, రెండో మిషను సిద్ధం చేసుకో అని, మళ్ళీ చుక్క పడితే మార్చెయ్ అని. హాల్లో వెయ్యిమంది ఏడుస్తున్నా ఈలలేస్తున్నా ఆ చుక్కని చూసేవాడు ఒక్కడే, వెనకాల పైన, చిన్న అద్దం కిటికీ అవతల నించునే ఆపరేటరు. ఇప్పుడు చుక్కల్లేవు, రీళ్ళు లేవు, మిషను గదిలో అసలు మనిషే ఉండడట, పెట్టె ఒకటి తనంతట తనే బొమ్మ వేసుకుంటుందట, మనవరాలు చెప్పింది. అయినా కళ్ళు మూలకే పోతున్నాయి, పన్ను ఊడిపోయాక కూడా నాలుక ఆ సందులోకే పోయినట్టు. సినిమాకి మాటలు రాకముందు తీసిన బొమ్మల్ని మూకీలనేవారు కదా, వీడూ మాటలు రాకముందు పుట్టినవాడేరా అని హాల్లో తోటి పనివాడు గేటు పెట్టిన పేరు అది, హాలంతా పాకింది, ఊరంతా పాకింది, చివరికి కరెంటు బిల్లు తెచ్చేవాడు కూడా మూకీగారి ఇల్లు ఇదేనా అని అడిగేవాడు.

పక్క సీట్లో వాళ్ళావిడ, ఒళ్ళో సంచీని రెండు చేతులా పట్టుకుని, దిగాల్సిన స్టాపు దాటిపోతుందేమో అన్నట్టు కూర్చుంది. ఇంటర్వెల్‌లో లేవలేదు, టీ తెస్తే తాగలేదు. అసలు రానంది. మోకాళ్ళంది, మెట్లంది, "ఆ చంపుకోవడాలు నేను చూడలేనండీ, మీరెళ్ళి రండి" అంది, యాభై ఒక్క ఏళ్ళ కిందట ఆ చంపుకోవడాలే నవల్లోంచి రోజుకో అధ్యాయం చొప్పున గొంతు మార్చి మార్చి చదివి వినిపించిన మనిషి. మనవరాలి సినిమా కదా అని లాక్కొచ్చాడు. తీసింది వేరే ఆయన, ఆయన దగ్గర మనవరాలిది సెట్టులో సామాను సర్దే పని, ఏ గోడకి ఏ అద్దం ఉండాలి, హంతకుడి జేబులో ఎలాంటి రుమాలుండాలి అని చూసుకునే పని, చివర్న దాని పేరు పడుతుంది. "పద" అన్నాడు. ఆవిడ కదలకపోతే మళ్ళీ "పద" అన్నాడు. మూకీ ఒకే మాట రెండుసార్లు అన్నాడంటే కాళ్ళు పట్టుకున్నంత లెక్క. వచ్చింది.

మూడు వరసల ముందు, నడవ పక్క సీట్లో, బోడితల. తెర మీద వెలుతురు మారినప్పుడల్లా ఆ తల ఒకసారి తెల్లగా ఒకసారి నల్లగా అవుతోంది. గేటు. గేటు దగ్గర టిక్కెట్లు చింపేవాడు కాబట్టి గేటు, అసలు పేరు వాళ్ళమ్మకైనా గుర్తుందో లేదో. పాత హాలు సిబ్బందిలో మిగిలింది ఏడుగురు, మనవరాలు ఏడుగురినీ వెతికి పట్టుకుని ఈ ఆట చూడ్డానికి పిలిచింది, ఆట అయ్యాక ముందుకొచ్చి మైకులో చెప్పాలట, ఇదే నవలతో వచ్చిన పాత రెండు సినిమాల్నీ రీళ్ళు తిప్పి చూపించినవాళ్ళు మీరు, మూడింట్లో ఏది గొప్పదో మీరే చెప్పాలి తాతా అంది. మామూలుగా అయితే చచ్చినా ఒప్పుకునేవాడు కాదు. ఒప్పుకున్నాడు. గడ్డం గీసుకుంటూ అద్దం ముందు వారం రోజులు తయారు చేసుకున్నాడు మాట. "మూడూ చూశాను. నవల కూడా తెలుసు. ఇన్నాళ్ళకి నవల్లో ఉన్న అసలు హంతకుణ్ణి చూపించారు." అంతే. హాలు మొత్తానికి చెప్పినట్టుంటుంది గాని అది ఒక్క బోడితలకి. యాభై ఒక్క ఏళ్ళ కిందటి పందెం, ఓడినవాడు హాల్లో అందరి ముందూ నించుని ఒప్పుకోవాలని పందెం.

తెర మీద వాన పడుతోంది. చప్పుడు బాగా పట్టారు, రేకు మీద చప్పుడు వేరు, మట్టి మీద చప్పుడు వేరు. మొదటి "ఎడమ చెవి"లో వాన ఇలా ఉండేది కాదు, గొట్టంతో కొట్టిన వాన, హీరోయిన్ మీద పడేది, పక్కన చెట్టు మీద పడేది కాదు, అయినా ఆ నలుపూ తెలుపులో ఎంత బాగుండేది. కథ అదే, చిన్న ఊళ్ళో ఒకరి తర్వాత ఒకరు ఆడవాళ్ళు చచ్చిపోతుంటారు, దొరికిన ప్రతి శవానికీ ఎడమ చెవికి కమ్మ ఉండదు. మొదటిదాంట్లో హత్య చూపించేవారు కాదు, పొయ్యి మీద నీళ్ళు మరిగి మరిగి గిన్నె మూత ఎగిరేది, అంతే, మిషను గది కిటికీలోంచి చూస్తే వెయ్యి తలలు ఒక్కసారిగా కుర్చీల్లోకి దిగిపోయేవి. సినిమా మంచిదా చెడ్డదా అని మూకీకి ఎవరూ చెప్పక్కర్లేదు, తలల్ని చూస్తే చాలు. నిజంగా భయపడితే తలలు దిగుతాయి, ఊరికే అదిరితే పక్కకి తిరుగుతాయి, విసుగొస్తే లేస్తాయి. ఆ సినిమా నూట ఆరు రోజులు తిప్పాడు, రోజుకి మూడు ఆటలు. చివర్న మాత్రం పాడు చేశారు, ఊరి డాక్టరుగారికి ఒక కవల తమ్ముడున్నాడని, వాడే హంతకుడని, ఉరుము ఉరిమితే వాడు విగ్గు పీకేస్తాడు. ఇరవై ఏళ్ళ తర్వాత రంగుల్లో తీసిన రెండోదాని సంగతి చెప్పక్కర్లేదు. రక్తమంటే రక్తం కాదు, తలుపులకేసే ఎర్ర రంగు. వెతికే ఇన్‌స్పెక్టరే హంతకుడట, నీటి ట్యాంకు మీద ఫైటింగట, తలలన్నీ లేచాయి, రెండో వారానికి డబ్బాలు వెనక్కి పంపించేశారు.

ఇది అలా లేదు. ఇది బాగుంది, ఒప్పుకోవాలి. కరెంటు బిల్లు కట్టనివాళ్ళ ఇంట్లో తీసినట్టు చీకటి, సగం మొహాలే కనబడతాయి, పాటల్లేవు, నవ్వించేవాడు లేడు. కాని ఇందాక ఒక ఆడమనిషి బస్సు దిగి నడుస్తోంది, ఎవరూ తరమట్లేదు, ఏ చప్పుడూ లేదు, నడుస్తూ నడుస్తూ చెయ్యెత్తి ఎడమ చెవి తడుముకుంది. అంతే. తలలు దిగలేదు, పక్కకి తిరగలేదు, బిగుసుకుపోయాయి. ఇలా బిగుసుకోవడం మూకీ ఎప్పుడూ చూడలేదు. పైగా ఫోటో స్టూడియోవాణ్ణి మొదటి సగమంతా చూపిస్తూనే ఉన్నారు, వాడి చీకటి గది, మందు నీళ్ళల్లో తేలే ఆడవాళ్ళ మొహాలు, చూసిన కొద్దీ మూకీకి లోపల వెచ్చగా ఉంది. వాడే. నవల్లో వాడే హంతకుడు. అక్షరం పొల్లుపోకుండా నవల్లో ఉన్నట్టే తీశాం తాతా అంది మనవరాలు, ఎవరన్నది మాత్రం చెప్పలేదు, నువ్వు కళ్ళతో చూడాలి అంది.

నవల మూకీ చదవలేదు, విన్నాడు. మూడో క్లాసుతో బడి అయిపోయింది, రీలు డబ్బాల మీద అంకెలు, పోస్టరు మీద పెద్ద అక్షరాలు, అంతవరకే. మొదటి సినిమా ఆడుతున్న రోజుల్లో గేటు అనేవాడు, "ఒరే మూకీ, ఇదంతా బూటకంరా, కవలా లేడు పిల్లీ లేదు, పుస్తకం చదువు, అప్పుడు తెలుస్తుంది." గేటు అన్నీ చదివేవాడు, గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని, చిరిగిన టిక్కెట్టు ముక్కని పేజీలో గుర్తు పెట్టుకుని. దాంతో మూకీ పాత పుస్తకాల కొట్లో కొనుక్కొచ్చాడు, పెళ్ళయి మూడేళ్ళు, పిల్ల పాకుతోంది. పొద్దున పదకొండింటికి మూకీ అన్నానికి కూర్చుని మాట్నీకి వెళ్ళేలోపు, ఆవిడ గుమ్మంలో కూర్చుని ఒక అధ్యాయం చదివేది. ఇన్‌స్పెక్టరుకి ఒక గొంతు, ఫోటోవాడికి ముక్కుతో ఒక గొంతు, కథ చెప్పే ఆడమనిషికి తన సొంత గొంతు. ముప్ఫై నాలుగు రోజులు. మూకీ జీవితంలో అంత సుఖపడిన ముప్ఫై నాలుగు రోజులు ఇంకోసారి రాలేదు, రాలేదని ఎవరికైనా చెప్పాడా, చెప్పలేదు. ఆఖరి అధ్యాయం విని, ఫోటోవాడు చీకటి గదిలో దొరికిపోయాడని విని, ఆ మధ్యాహ్నమే పరుగున వెళ్ళి గేటుతో అన్నాడు.

"ఫోటో స్టూడియోవాడేరా."

"ఎవడూ?"

"హంతకుడు. నవల్లో."

గేటు పొట్ట పట్టుకుని నవ్వాడు. "మొగుడురా వెర్రివాడా! కథ చెప్పే ఆవిడ మొగుడు! మాటా పలుకూ లేకుండా తిని పోయేవాడు, వాడు! ఏం విన్నావు నువ్వు?" మూకీ కాదన్నాడు, గేటు అవునన్నాడు, క్యాంటీనువాడొచ్చాడు, సైకిళ్ళ స్టాండువాడొచ్చాడు, పందెం అన్నారు, పుస్తకం పట్టుకురా అన్నారు. ఇంటికెళ్ళి అడిగితే పక్కింటావిడ పట్టుకెళ్ళిందండీ అంది, పక్కింటావిడేమో ఊరెళ్ళింది. ఒట్టి చేతులతో వచ్చిన మూకీని చూసి, అందరి ముందూ, గేటు అన్నాడు, "అయితే మీ ఆవిడ నీకు అబద్ధం చదివిందిరా." నవ్వుతూనే అన్నాడు. అయినా అన్నాడు. ఆ రోజు నించి మూకీ గేటుతో మాట్లాడ్డం మానేశాడు. అసలే మూకీ కావడం వల్ల, మాట్లాడ్డం మానేశాడని తెలియడానికి గేటుకి పదకొండు రోజులు పట్టిందని క్యాంటీనువాడు చాలా ఏళ్ళు చెప్పుకుని నవ్వేవాడు. తర్వాత ముప్ఫై ఏళ్ళు ఒకే హాల్లో పని చేశారు. తలుపులు మూసేశాక గేటు కింద గంట రెండుసార్లు నొక్కేవాడు, తలుపులేశాను మొదలెట్టు అని, మూకీ మిషను గది దీపం ఒకసారి ఆర్పి వెలిగించేవాడు, సరే అని. ముప్ఫై ఏళ్ళూ అదే వాళ్ళ మాట, రెండు గంటలు, ఒక దీపం. గేటుదే నిజమైతే లైబ్రరీ నించి పుస్తకం తెచ్చి మొహాన కొట్టేవాడు కాదా? కొట్టలేదు. అందుకే మూకీకి ఒక్కరోజు కూడా అనుమానం రాలేదు.

తెర మీద ఆడమనిషి, కథ చెప్పే ఆవిడ, స్టూలు వేసుకుని అటక మీద చెయ్యి పెట్టింది. పిల్ల దుప్పటి కోసం వెతుకుతోంది. దుప్పటి కాదు, చేతికి ఒక డబ్బా తగిలింది. కిందికి దింపింది. బిస్కెట్ల డబ్బా, గుండ్రంది, నీలం రంగు, మూత మీద సొట్ట, మూత ఊడకుండా చుట్టూ కట్టి ఉంది, తాడుతో కాదు. ఫిల్ముతో. పక్కన చిల్లులున్న సినిమా ఫిల్ము, నాలుగు చుట్లు తిప్పి, ఆపరేటరు ముడి వేసి. ఆ ముడి వేళ్ళకి తెలుసు, కళ్ళకంటే ముందు వేళ్ళు కదిలాయి మూకీకి. ఆ సొట్ట మెట్ల మీద జారి పడినప్పటిది. ఆ డబ్బా తనది. రెండతస్తుల ఎత్తున తన డబ్బా. ఆడమనిషి ముడి విప్పింది, మూత తీసింది, లోపల కమ్మలు, రాళ్ళవి, ముత్యాలవి, గిల్టువి, ఒక్కదానికీ జత లేదు, అన్నీ ఒంటివి. ఆ ఆకుపచ్చ రాయిది బాల్కనీ రెండో వరస కింద దొరికింది. ఆ వంకీ విరిగినది సోడా కాయల పెట్టె పక్కన. హాల్లో టిక్కెట్లన్నీ అమ్ముడుపోయిన ప్రతి ఆటకీ ఎవరో ఒకరి చెవి బోసిపోయేది, గేటు ఊడుస్తూ ఏరి పైకి పంపేవాడు, మేనేజరుది కాస్త చేతివాటం కాబట్టి ఇంట్లో అటక మీద దాచేవాడు మూకీ, ఎవరైనా వచ్చి నా కమ్మ పోయిందని గేటుని అడిగితే మర్నాడు జేబులో వేసుకుని తెచ్చేవాడు. ఇంతే. ఇంత చిన్న సంగతి. దాన్ని ఇంట్లో చెప్పాడా? ఎందుకు చెప్పాలి, ఎవరడిగారు.

చుక్క పడలేదు. ఏ మూలా ఏ చుక్కా పడకుండానే రీలు మారిపోయింది. మూకీకి చెవుల్లో మిషను తిరుగుతున్న చప్పుడు. తెర మీద తలుపు తెరుచుకుంది, మొగుడొచ్చాడు, చెప్పులు విడిచాడు, చేతులు కడుక్కున్నాడు, కూర్చున్నాడు. ఆవిడ వడ్డించింది. వాడు తింటున్నాడు. మాట లేదు, నమిలే చప్పుడు, గ్లాసు పెట్టిన చప్పుడు. వెనకనించి ఆవిడ గొంతు కథ చెబుతోంది, ఆయన మాట్లాడరు, మాట్లాడని మనిషి లోపల ఏముందో డబ్బా తెరిస్తే గాని తెలియదు. ఆ వాక్యం. ఆ వాక్యం మూకీ విన్నాడు. ఆ గుమ్మంలో, ఆ సోమవారం, ఆవిడ ఆ వాక్యం సగం చదివి, మాట్లాడని మనిషి లోపల, అని ఆగి, పొయ్యి మీద పాలున్నాయని లోపలికి పోయింది. తిరిగొచ్చాక గొంతు మారింది, జలుబేమో అనుకున్నాడు. ఇంకో అరగంట చదివింది, ఫోటోవాడు దొరికిపోయేదాకా. ఆ అరగంటలో ఒక్క పేజీ కూడా తిప్పలేదు. చూశాడు. అన్నం కలుపుకుంటూ చూశాడు, పేజీ తిప్పడం లేదని కళ్ళకి కనబడింది, మూడో క్లాసు బుర్రకి ఎక్కలేదు, పెద్ద పేజీ కాబోలు అనుకున్నాడు. మర్నాడు పొద్దున్నే వాళ్ళమ్మకి జ్వరమని పిల్లని చంకనేసుకుని పుట్టింటికి పోయింది. నాలుగు రోజులు తనే వండుకున్నాడు. యాభై ఒక్క ఏళ్ళుగా ఇవన్నీ ఎక్కడ పడితే అక్కడ పడున్న ఫిల్ము ముక్కలు, ఇప్పుడు ఎవరో గబగబా అతికేస్తున్నారు, ఒక్కో ముక్క పక్కన ఒక్కో ముక్క సరిగ్గా కూర్చుంటోంది, వద్దన్నా కూర్చుంటోంది.

"నువ్వు పేజీ తిప్పలేదు" అన్నాడు.

ఆవిడ తెర వైపే చూస్తోంది. "ఊఁ" అంది. ఎప్పటి మాట అని అడగలేదు. ఎప్పుడడుగుతాడా అని ఎదురు చూస్తున్న మనిషిలా ఉంది.

"ఆ రోజు."

"అక్కడున్నది మీ ఎదురుగా చదవలేకపోయానండీ. పొద్దున్నే డబ్బా దొరికింది. దుప్పటి కోసం చెయ్యి పెడితే."

మూకీ ఆవిడ వైపు తిరిగాడు. "నన్నా?" అన్నాడు. "నన్ననుకున్నావా?"

వెనకనించి ఎవరో కుర్రది, "ష్, పెద్దాయనా, కాస్త మెల్లిగా" అంది. బతుకు మొత్తం మీద మూకీని మాట్లాడొద్దన్నది ఆ పిల్లొక్కతే.

"నాలుగు రోజులు" అంది ఆవిడ, ఇంకా మెల్లిగా. "చదువుతుంటే మీ మొహం చూస్తూ చదవాలి కదా. మొగుడే అని చదివాక మీ మొహంలో ఏం కనబడుతుందోనని భయం. అందుకని ఫోటోవాడి మీదకి తోసేశాను."

"అడగొచ్చు కదా."

"అడిగితే చెప్పేవారా? పెళ్ళయిన మూడేళ్ళకి మీరు నాతో ఆడిన మాటలన్నీ రాస్తే ఒక కార్డు ముక్క నిండదు."

నిండదు. నిజమే. అప్పటికి అర కార్డు నిండితే గొప్ప. తెర మీద మొగుడు అన్నం తినడం అయింది, చెయ్యి కడుక్కుంటున్నాడు, ఒక్కొక్క వేలూ కడుక్కుంటున్నాడు, మూకీ తన చేతులు చూసుకున్నాడు. ఈ చేతుల్ని చూసే భయపడింది. ఈ చేతులు పిల్లనెత్తుకుంటే చూసి భయపడి పిల్లని లాక్కుని పోయింది. ఒక్కసారి కూడా కసిరిన వాడు కాదు, చెయ్యెత్తినవాడు కాదు, అది చాలనుకున్నాడు, చెడ్డ మాట ఆడనివాడు మంచివాడే కదా అనుకున్నాడు. అవతలి మనిషికి మాటే వినబడకపోతే మంచి మాట దాచాడో చెడ్డ మాట దాచాడో ఎలా తెలుస్తుంది. ఆ రాత్రి పక్కనే పడుకుని ఆవిడ భయంతో తన ఊపిరి లెక్కపెడుతూ ఉండి ఉంటుంది. నలభై రెండేళ్ళలో ఎన్నో వేల తలలు కుర్చీల్లోకి దిగిపోవడం చూశాడు, ఇవాళ తన తల దిగింది.

"మరి ఎప్పుడు పోయింది?" అన్నాడు. భయం అన్న మాట నోట రాలేదు.

"గురువారం. ఉండబట్టలేక, పిల్లని అమ్మ దగ్గర పెట్టి, మాట్నీ వేళ వెనక గేటు దగ్గరికొచ్చి గేటన్నయ్యని అడిగాను. మీ స్నేహితుడి దగ్గర ఇన్ని ఒంటి కమ్మలెందుకున్నాయన్నయ్యా అని. ఏడ్చాను కూడా. ముందు తెల్లబోయాడు, తర్వాత ఆ స్టూలు మీంచి పడేంత నవ్వాడు. వాడా, వాడు చీమని తొక్కితే రెండు రోజులు అన్నం తినడమ్మా, ఏరేది నేను, దాచేది వాడు అన్నాడు. మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. నేను మిమ్మల్ని అలా అనుకున్నానని మీకు తెలియకూడదని. ఆ పందెం సంగతి నాకు అప్పటికి తెలియదండీ. తెలిశాక చెప్పేద్దామనుకున్నా, నోరు రాలేదు. అన్నయ్యని ఒకటి రెండుసార్లు బతిమాలాను, చెప్పెయ్యి అని. ఒట్టంటే ఒట్టేనమ్మా అన్నాడు." ఆగింది. "డబ్బా మనవరాలికి నేనే ఇచ్చాను. పుస్తకం కూడా. పెట్టె అడుగునే ఉంది ఇన్నాళ్ళూ. నోటితో చెప్పలేనిది ఇలా అయినా మీ కంట పడుతుందని ఇచ్చాను, తీరా ఇవాళ పొద్దున రావడానికి ధైర్యం చాలలేదు."

మూడు వరసల ముందు బోడితల తెల్లగా అయింది, నల్లగా అయింది. తిరగలేదు. తెర మీద హంతకుడు మొగుడే అని హాలంతటికీ తేలిపోయింది, యాభై ఒక్క ఏళ్ళ పందెం గేటు గెలిచాడు, ఎవడైనా అయితే సీట్లోంచి లేచి వెనక్కి తిరిగి ఈల వేస్తాడు. వాడు మెడ కూడా కదపలేదు. మూకీకి ఆ బుధవారం కళ్ళకి కట్టింది, లైబ్రరీ వైపు నించి గేటు వస్తున్నాడు, చంకలో అట్ట వేసిన పుస్తకం, తెచ్చి చూపించబోతున్నాడనుకుని మూకీ మొహం తిప్పుకుని పైకి పోయాడు. గురువారం ఎదురు చూశాడు. శుక్రవారం గేటు చంకలో ఏమీ లేదు. ఓడిపోయాడు, సిగ్గుపడుతున్నాడు అనుకున్నాడు మూకీ, ఆ రోజు మిషను గదిలో ఒక్కడే నవ్వుకున్నాడు కూడా. చేతికొచ్చిన గెలుపుని లైబ్రరీలో తిరిగిచ్చేసి వచ్చి, వాడు ఆ సాయంత్రం గంట రెండుసార్లు నొక్కాడు. తర్వాత ముప్ఫై ఏళ్ళు నొక్కాడు. గేటు కూతురి పెళ్ళికి మూకీ వెళ్ళలేదు. గేటు భార్య పోయినప్పుడు వీధి చివరిదాకా వెళ్ళి, నించుని, వెనక్కి వచ్చేశాడు. నిజం వాడి దగ్గరుంది, కోపం తన దగ్గరుంది, వాడు నిజాన్ని నోట్లో పెట్టుకుని కూర్చుంటే తను కోపాన్ని పెట్టుకుని కూర్చున్నాడు, ఇంతకీ ఇద్దర్లో మూకీ ఎవడు.

సినిమా అయిపోవస్తోంది. ఆడమనిషి పోలీసు స్టేషన్లో డబ్బా బల్ల మీద పెట్టింది. ఇంట్లో మొగుడు కంచం ముందు కూర్చుని ఎదురు చూస్తున్నాడు, ఎవరో ఒకరు వస్తారని తెలుసు వాడికి, ఉరుము లేదు, విగ్గు లేదు, ఫైటింగు లేదు, కంచంలో అన్నం ఆరిపోతోంది. అక్కడ ఆపేశారు. పేర్లు పడుతున్నాయి, మనవరాలి పేరు పడింది, చప్పట్లు కొట్టాలని గుర్తు రాలేదు. లైట్లు వెలిగాయి. ముందు వరసలో మనవరాలు మైకు పట్టుకుని, "మా తాతయ్య మూడు సినిమాలకీ సాక్షి, ఆయన చెబుతారు" అంటోంది, అందరూ వెనక్కి తిరిగారు, గేటు తప్ప. మూకీ లేచాడు. తయారు చేసుకున్న మాట నాలుక మీద చచ్చి పడుంది. నిజం చెబితే పక్కనున్న మనిషి అబద్ధం చదివిందని ఇంతమంది ముందూ చెప్పినట్టు, ఇంత వయసొచ్చాక ఆవిడ నెత్తిన అది పెట్టినట్టు. చెప్పకపోతే ఆ బోడితల ఇంకా ఓడిపోయే ఉంటుంది. ఆవిడ సంచీ ఇంకా గట్టిగా పట్టుకుంది. మెట్లు దిగి ముందుకి వెళ్ళాడు. మైకు చల్లగా ఉంది.

"మొదటిది బాగుంటుంది, పొయ్యి మీద నీళ్ళు మరిగే చోటు" అన్నాడు. తన గొంతు గోడల్లోంచి రావడం విని తనే ఉలిక్కిపడ్డాడు. "రెండోది చూడక్కర్లేదు." నవ్వారు. నవ్వు ఆగేదాకా నించున్నాడు. "ఇది చాలా బాగుంది. ఇందులో ఉన్నట్టే నవల్లో ఉంది. హంతకుడు మొగుడే. మా గేటు ఆనాడే చెప్పాడు, నేను కాదన్నాను, పందెం వేశాను. మా ఆవిడ సరిగ్గానే చదివింది. రాత్రి ఆట తిప్పి ఉన్నానేమో, ఆఖరి అధ్యాయం దగ్గర నాకు నిద్ర పట్టింది. నిద్రలో నాకు తోచింది నేను అనుకున్నాను. తప్పు నాది. ఓడిపోయాను." అంత పొడుగు మాట మూకీ బతుకులో ఆడలేదు. అందులో సగం అబద్ధం.

అప్పుడు నడవ పక్క సీట్లోంచి, తిరక్కుండానే, "నిద్రే! నిద్రే!" అన్నాడు గేటు, అందరికీ వినబడేలా. "మిషను గదిలో కూడా నిలబడి నిద్రపోయేవాడు వీడు! నేను గంట కొట్టి లేపకపోతే మీ ఊరు సగం సినిమాలు చూసేదే కాదు!" హాలంతా గొల్లుమంది. మూకీ పైకి చూశాడు. ఆవిడ సంచీ వదిలేసి రెండు చేతులతోనూ మొహం కప్పుకుని ఉంది, భుజాలు కదులుతున్నాయి, నవ్వో ఏడుపో ఇంత దూరం నించి తెలియదు, తలల్ని చూసి చెప్పగలిగిన మనిషికే తెలియలేదు.

జనం బయటికి పోతున్నారు. మనవరాలు నీలం డబ్బా తెచ్చి తాత చేతిలో పెట్టింది, ఫిల్ము ముడి ఎవరో మళ్ళీ వేశారు, తప్పుగా వేశారు. ఆవిడ మెల్లిగా మెట్లు దిగి వచ్చి పక్కన నించుంది. గేటు మాత్రం బయటికి పోలేదు, ఎవరూ చెప్పకుండానే తలుపు దగ్గరికి పోయి, రెక్కని వీపుతో ఆనించి పట్టుకుని, వెళ్ళేవాళ్ళందరినీ వెళ్ళనిస్తున్నాడు, టిక్కెట్టు చూపించమన్నట్టు ఒక చెయ్యి ఇంకా కాస్త ముందుకి చాపే ఉంది. ఆఖరి మనిషి కూడా వెళ్ళాడు. గేటు తలుపు మూసి ఇటు తిరిగాడు. ఇంత దగ్గరగా ఆ మొహం చూసి ఎన్నేళ్ళయింది, కనుబొమలు తెల్లబడిపోయాయి. వేలి కణుపుతో తలుపు చెక్క మీద రెండుసార్లు కొట్టాడు.

తలుపులేశాను, మొదలెట్టు.

మూకీ చెయ్యి అలవాటుగా పక్కకి పోయింది, స్విచ్చు కోసం. ఆర్పి వెలిగించడానికి అక్కడ దీపం లేదు. అందుకని నోరు తెరిచాడు.